మీకు తెలుసా? నల్లపాడు అంటే 24 బైట్లు

గుంటూరు పక్కన నల్లపాడు జంక్షన్ బోర్డు చదివే ప్రయాణికుడికి ఆ పేరు నాలుగు అక్షరాలే. కంప్యూటర్‌కు మాత్రం 24 బైట్లు: యూనికోడ్ లెక్కలో పొల్లు, గుణింతపు గుర్తులు కలిపి 8 సంకేతాలు, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. గుంటూరుకు 21.

మామూలు టెక్స్ట్ ఫైల్లో ఈ తేడాతో పనిలేదు. బైనరీ ఫైల్లో సెడ్ కమాండ్‌తో నల్లపాడు తీసి గుంటూరు పెడితే, ఆ తర్వాతి సమాచారమంతా 3 బైట్లు మొదలు వైపుకు జరుగుతుంది. ఫలానా చోట ఫలానాది ఉంటుందని నమ్ముకున్న ప్రోగ్రాము బోల్తా పడుతుంది. పేరు సున్నా బైటుతో ముగిసే రకమైతే, మిగిలిన మూడు చోట్లా సున్నా బైట్లే నింపాలి.

అసలు ఫైలు జోలికి పోకుండా నకలు మీదే పని చేయాలి. ఎక్స్‌ఎక్స్‌డీ కమాండ్ ఫైలును హెక్స్ అంకెలుగా పరుస్తుంది. దిద్దాక -ఆర్‌తో తిరిగి బైనరీ చేస్తుంది. తమాషా ఏమిటంటే, కుడివైపు కనిపించే అక్షరాల వరుసను ఎంత దిద్దినా అది లెక్కచేయదు. పైగా అక్కడ మన తెలుగంతా వట్టి చుక్కలే! చివర అసలు ఫైలునూ నకలునూ పోల్చే సీఎంపీ -ఎల్ నడిపితే మారిన ప్రతి బైటునూ చూపిస్తుంది, కాకపోతే విలువలు హెక్స్‌లో కాదు, ఆక్టల్‌లో.