పక్కవాడి ఫోనూ పలకాలి

కరోనా రోజుల్లో ఫోను జబ్బుని కనిపెట్టేదా అని అడిగావు కదూ అమ్మడూ. లేదే తల్లీ. వైరస్ ఊసే దానికి తెలియదు. నీ పక్కన ఎవరు, ఎంతసేపు ఉన్నారో రాసిపెట్టుకోవడమే అది చేసిన పని. సింగపూర్ వాళ్ళు 2020 మార్చి 20న ‘ట్రేస్‌టుగెదర్’ అనే యాప్ వదిలారు. మన ఆరోగ్యసేతు ఏప్రిల్ 2న వచ్చింది.

రెండింటికీ ఆధారం బ్లూటూతే, నువ్వు చెవిలో పెట్టుకుని పాటలు వింటావే, అదే. మన దాంట్లో జీపీఎస్ కూడా ఉండేది, సింగపూర్ దాంట్లో లేదు. అక్కడ ఫోను ఊరికే ఒక మారుపేరు చాటుతూ ఉండేది. ఎవరూ వెంటపడి పోల్చుకోకుండా ఆ పేరు కాసేపటికోసారి మారిపోయేది. పక్క ఫోను ఆ పేరునీ, అది ఎంత గట్టిగా వినపడిందన్నదీ తన దగ్గరే రాసుకుని, 25 రోజులయ్యాక చెరిపేసేది. జబ్బు తేలినవాళ్ళ చిట్టా మాత్రమే ఆరోగ్యశాఖకి వెళ్ళేది.

గట్టిగా వినపడితే దగ్గరున్నట్టేనా? మీ నానమ్మ తాలింపు వేస్తే వంటింట్లో ఘాటు, వీధరుగు మీదికి పలచన. కానీ తలుపు మూసేస్తే పక్కగదిలోకీ సరిగా రాదు. ఇదీ అంతే. ఫోను వెనకజేబులో ఉంటే ఒంట్లో నీరు తరంగాల్ని మింగేసి, ఎదురుగా ఉన్నవాణ్ణి కూడా దూరం చేసి చూపిస్తుంది. పల్చటి గోడకి అవతల ఉన్నవాడేమో దగ్గరివాడైపోతాడు. వైరస్ గోడ దాటదు కదా! అందుకే చివరికి మనుషులే ఫోన్లు చేసి ఆరా తీయాల్సి వచ్చింది.

అసలు తిరకాసు లెక్కలో ఉంది. పదిమందిలో ఇద్దరే యాప్ పెట్టుకున్నారనుకో. ఎవరో ఇద్దరు ఎదురుపడితే, మొదటివాడి దగ్గర అది ఉండే వీలు పదింట రెండు, రెండోవాడి దగ్గరా పదింట రెండు. గుణించు. నూరు కలయికల్లో నాలుగే చిట్టాకెక్కుతాయి. ఆరుగురు పెట్టుకుంటే 36. జనం మూడు రెట్లయితే ఫలితం తొమ్మిది రెట్లు! ఒక్కడు తీసేస్తే వాడి వరకే పోదు, వాడికి ఎదురైన వాళ్ళందరి లెక్కా పోతుంది.

మరి సింగపూర్ జనం పెట్టుకున్నారా అంటే, మొదట్లో అంతంతమాత్రమే. ఐఫోన్లలో యాప్ తెర మీద తెరిచి ఉంటేనే సరిగా పనిచేసేది, బ్యాటరీ హరించుకుపోయేది. ఫోను లేని పెద్దవాళ్ళకి జూన్ చివర్లో చిన్న టోకెన్ బిళ్ళలు పంచారు. అవి చేతికి రాకముందే, ‘ఇది మాకు తగిలించే గొలుసు’ అన్న అనుమానంతో 50 వేల మందికి పైగా అర్జీ మీద సంతకాలు పెట్టారు. సర్కారు అప్పుడొక తెలివైన పని చేసింది. ఎలక్ట్రానిక్స్ తెలిసిన బయటివాళ్ళని పిలిచి, బిళ్ళని విప్పి చూసుకోమంది. లోపల బటన్ సెల్లు, చిన్న సర్క్యూట్ బోర్డు, అంతే. జీపీఎస్ లేదు, సిమ్ లేదు. నాకు ఆ పద్ధతి నచ్చింది. ఆ ఏడాది చివరికి జనంలో ఎక్కువమంది చేతికి ఏదో ఒకటి వచ్చేసింది. అంతా ఇష్టంతోనే అనుకోకు, ఆంక్షలు సడలాలంటే 70 శాతం మంది చేరాలని సర్కారు ముందే చెప్పింది మరి.

ఇక్కడే తప్పటడుగు పడింది. వివరాలు జబ్బు ఆరాకి తప్ప మరి దేనికీ వాడమని మంత్రి వివియన్ బాలకృష్ణన్ జూన్‌లో మాటిచ్చారు. 2021 జనవరి 4న పార్లమెంటులో అసలు సంగతి బయటపడింది: నేర విచారణ చట్టం కింద పోలీసులు వాటిని అడగొచ్చు. అప్పటికే ఒక హత్య కేసులో అడిగారు కూడా. ఆ చట్టం తనకు తట్టలేదని మర్నాడు మంత్రి ఒప్పుకున్నారు. ఫిబ్రవరిలో కొత్త చట్టం చేసి, ఏడు రకాల ఘోర నేరాలకి తప్ప వాడకూడదని గీత గీశారు. నన్నడిగితే చట్టం ముందు రావాలి, యాప్ తర్వాత. వాళ్ళు తిరగేసి చేశారు.

2023 ఫిబ్రవరిలో ఆ యాప్‌కి సెలవిచ్చేశారు, బిళ్ళలు వెనక్కి తీసుకున్నారు, పేర్లున్న వివరాలన్నీ చెరిపేశారు. ఆ హత్య కేసుకి చెందినవి తప్ప.