వైద్య విద్యార్థిని దిద్దు విధము

వైద్య విద్యార్థికి గ్రంథపాఠము సగము. తక్కిన సగము రోగి మంచమునొద్ద దొరకును. అచ్చట వాని తప్పును గురువు పదుగురిలో దిద్దవలెనా, ఏకాంతమున దిద్దవలెనా?

పలువురు చేయు పొరపాటును అందరికి నొక్కమారే తెలుపుట మేలు; ఒకని ప్రశ్న పదిమందికి పాఠమగును. కాని కడుపు తడుమునప్పుడు రోగిని నొప్పించుట యొకని సొంత దోషము. దానిని సామాన్యముగా చెప్పినచో, ఆ మాట తనకు గాదని వాడే తలచును. పదుగురిలో పేరు పెట్టి యాక్షేపించినచో, సిగ్గుపడి మరునాడు తన సందేహమును దాచును, ముప్పు రోగికి.

1995లో అమెరికాలో జాన్ నార్సినీ ప్రభృతులు ప్రకటించిన పద్ధతిలో, శిష్యుడు రోగిని పరీక్షించుచుండగా గురువు 15, 20 నిమిషములు చూచి, వెంటనే వానికే లోటుపాట్లు తెలుపును.

నేనును బడిలో ఎక్కములు మూకుమ్మడిగా చెప్పించి, చేవ్రాతను విడివిడిగా దిద్దితిని. వైద్యవిద్యకును రెండును వలయును.