వెంటిలేటరు తీసిన తరువాత వచ్చే ఆయాసము

వెంటిలేటరు మీదనుండి బ్రతికి ఇల్లు చేరిన మనిషికి కొన్ని వారాలకు మళ్లీ ఆయాసము మొదలైతే ఇంటివారు ఉబ్బసమనుకొంటారు. మందు పీలుస్తారు, తగ్గదు. గాలి పీల్చినప్పుడు గొంతులో ఈల వేసినట్లు శబ్దము వస్తుంటే, శ్వాసనాళము ఇరుకై ఉండవచ్చును.

పెద్దవారి శ్వాసనాళము సుమారు 11 సెంటీమీటర్ల పొడవు, బొటనవ్రేలంత వెడల్పు. నోటిగుండా వేసిన గొట్టము చివర గాలి నింపిన బుడగ ఉంటుంది. దాని ఒత్తిడి ఎక్కువైతే లోపలి పొరకు రక్తమందక పుండు పడుతుంది. పుండు మానుతూ మచ్చకట్టి దారిని మూసివేస్తుంది. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ నుండి బయటపడిన కొందరికి ఇదే జరిగినది.

కెమెరా గొట్టముతోను, సి.టి. స్కానుతోను చూచి వైద్యులు మార్గము నిర్ణయిస్తారు. మచ్చ పలుచని పొరవలె ఉంటే లేజరుతో కోసి, బెలూనుతో వెడల్పు చేస్తారు. మెడ కోయనక్కరలేదు గనుక అందరూ దీనినే కోరుకొంటారు గాని, తరచు మళ్లీ మూసుకొంటుంది. మచ్చ పొడవుగా ఉంటే ఆ ముక్కను కోసి తీసి, రెండు కొసలు కలిపి కుడతారు. 1960ల నుండి బోస్టన్‌లో డాక్టర్ హెర్మిస్ గ్రిల్లో ఈ శస్త్రచికిత్సను తీర్చిదిద్దారు. పెద్దవారిలో నాళము సగము వరకు తీయవచ్చును. కుట్లు లాగబడకుండా గడ్డమును రొమ్ముకు కుట్టి, వారము రోజులు తల వంచి ఉంచుతారు. చూచేవారికి కష్టమే! అయినను అనుభవజ్ఞుల చేతిలో నూటికి 90 మందికి పైగా బాగుపడతారు.

అంత ఆపరేషనుకు తట్టుకోలేనివారికి ‘టి’ ఆకారపు సిలికాన్ గొట్టము అమర్చుతారు. మెడ బయటి కొసను మూస్తే మాట్లాడగలరు. పసిపిల్లలకైతే ప్రక్కటెముక మృదులాస్థితో ఇరుకు భాగమును వెడల్పు చేస్తారు. ఊపిరి అందని వేళ మెడకు రంధ్రము చేయుటకు భయపడనక్కరలేదు. ప్రాణము నిలుపుటకే అది.

రోగులను పరామర్శించే మేము గమనించినది ఒకటున్నది. పురుగుమందు త్రాగి బ్రతికినవారి ఇళ్లలో సిగ్గుచేత ఆసుపత్రి కాగితములు చింపివేస్తారు, కొత్త డాక్టరుకు ఆ సంగతే చెప్పరు. వెంటిలేటరు మాట వినని డాక్టరు ఉబ్బసమునకే మందు వ్రాస్తే ఆశ్చర్యమేమి? ఎందుకు త్రాగారో చెప్పనక్కరలేదు. గొట్టము వేసిరని, ఎన్ని రోజులుంచిరో చెప్పండి. కూర్చున్నప్పుడు కూడ ఆ ఈల శబ్దము వినబడితే తెల్లవారేవరకు ఆగక, చెవి ముక్కు గొంతు వైద్యులున్న పెద్దాసుపత్రికి ఆ రాత్రే తీసుకొని వెళ్లండి.