ఇషాపూర్ రైఫిలా, పాత మౌజరా?

ఖరగ్‌పూర్‌లో ఉండే మా మేనల్లుడికి మూడేళ్లు తిరిగాక ఆయుధ లైసెన్సు చేతికొచ్చింది. రైఫిల్ క్లబ్బులో గురి పోటీలకు వెళ్తుంటాడు. మొన్నొక శనివారం కోల్‌కతా వచ్చి, ధర్మతలా వైపు ఉన్న ఓ పాత తుపాకీ దుకాణానికి నన్ను వెంటబెట్టుకెళ్లాడు. బల్లమీద రెండు బోల్ట్ యాక్షన్ రైఫిళ్లు పెట్టారు. ఒకటి ఇషాపూర్ ఫ్యాక్టరీ వారి .315 స్పోర్టింగ్ రైఫిల్, కొత్తది. రెండోది మౌజర్, వయసులో నాకన్నా పెద్దది. అయినా దాని ధర ఇషాపూర్ దానికి కొన్ని రెట్లు.

"మామయ్యా, దీనికి అంత డబ్బు పెట్టొచ్చా?" అన్నాడు.

వీటిని వేట రైఫిళ్లంటారు గానీ, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత మన దేశంలో సరదా వేట నేరం. పేరు మాత్రం నిలిచిపోయింది. .315 కథ కూడా అలాంటిదే. బ్రిటిష్ పాలకులు సైన్యం వాడే .303 తూటా ప్రజల చేతికి చిక్కకూడదనుకున్నారు. దాంతో ఇంగ్లండులోని బీఎస్ఏ కంపెనీ అదే లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రాంగానికి ఆస్ట్రియా వారి పాత 8 మి.మీ. మాన్‌లికర్ తూటాను జతచేసి ఇక్కడ అమ్మింది. తెల్లవాడి భయం లోంచి పుట్టిన ఆ తూటానే స్వతంత్ర భారతంలో మన కర్మాగారమూ కొనసాగించింది.

ఇషాపూర్ అంటే సియాల్దా నుంచి లోకల్ రైల్లో గంట లోపు దారి, హుగ్లీ ఒడ్డున. ఈస్టిండియా కంపెనీ కాలంలో అక్కడ తుపాకి మందు తయారయ్యేది. రైఫిల్ ఫ్యాక్టరీ 1904లో వచ్చింది. చైనా యుద్ధం తర్వాత అదే ఫ్యాక్టరీ లీ-ఎన్‌ఫీల్డ్‌ను మెరుగైన ఉక్కుతో 7.62 మి.మీ. నాటో తూటాకు మార్చి 2ఏ, 2ఏ1 రైఫిళ్లు చేసింది. పాత యంత్రాంగాన్ని కొత్త ఒత్తిడికి నిలబెట్టడం చిన్న పని కాదు. కాబట్టి అక్కడివారికి చేతకాదనే మాటను నేను ఒప్పుకోను.

ఇక పోలిక. లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టును బిగించే లగ్గులు వెనక ఉంటాయి. బోల్టు తక్కువ తిరుగుతుంది, చేయి వేగంగా ఆడుతుంది. ఎన్‌సీసీ రోజుల్లో .303తో ఆ వేగం రుచి చూసినవాణ్ని. అయితే తూటా పేలినప్పుడు బోల్టు పొడవంతా ఒత్తిడికి గురై కొద్దిగా నొక్కుకుంటుంది. మౌజర్ 98లో రెండు లగ్గులు ముందే, తూటా వెనకనే బిగుస్తాయి. అవి విఫలమైతే కాచుకోవడానికి మూడోది ఉంది. తూటా మ్యాగజైన్ వదిలిన క్షణం నుంచే దాని అంచును కొక్కెం పట్టుకుంటుంది. శక్తిమంతమైన తూటాలకు మౌజరే మేలు. కానీ .315 తక్కువ ఒత్తిడి తూటా. దానికి లీ-ఎన్‌ఫీల్డ్ పట్టు సరిపోతుంది.

ఇదంతా కాగితం మీది సంగతి. దుకాణంలో మేం చూడాల్సింది ఎదురుగా ఉన్న ఇనుమును. చాంబర్ ఖాళీ అని ఇద్దరం చూసుకున్నాక బోల్టు తీసి బ్యారెల్‌లోకి లైటు వేయించాను. మౌజర్ బ్యారెల్ లోపల తూటా మొదలయ్యే చోట గరుకుగా, నల్లగా ఉంది. గొట్టం మూతి అంచు అరిగింది. పాతకాలపు తూటాల ప్రైమర్లు లోపల ఉప్పు వదిలేవి, శుభ్రం చేయకపోతే ఉక్కును తినేసేవి. తప్పు రైఫిల్ చేసినవాడిది కాదు, వాడినవాళ్లది. పైగా దాని తూటాలు ఇక్కడ దొరకడం కష్టం, దొరికితే ఖరీదు. .315 తూటాలు మన ఆయుధ కర్మాగారాలే చేస్తాయి.

అలాంటప్పుడు మౌజర్‌కు అంత ధర ఎందుకు? 1980ల మధ్య నుంచి పౌరులకు తుపాకుల దిగుమతి దాదాపు మూతపడింది, పేరున్న క్రీడాకారులకు తప్ప. దేశంలో ఉన్న విదేశీ రైఫిళ్లే చేతులు మారుతూ వచ్చాయి. ఆ ధరలో నాణ్యత కన్నా కరువు పాలే ఎక్కువ.

ఈ కరువు వల్ల ఇంకో నష్టం కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. అమెరికాలో వించెస్టర్ కంపెనీ 1964లో ఖర్చు తగ్గించుకోవడానికి తన మోడల్ 70 రైఫిల్ నిర్మాణం మార్చింది. మౌజర్ తరహా కొక్కెం తీసేసింది. కొనేవాళ్లు మొహం చిట్లించారు. 1964కు ముందువాటికి ఈనాటికీ విలువెక్కువ. చివరికి 1990లలో కంపెనీ ఆ పాత పద్ధతిని మళ్లీ తెచ్చింది. అదే దేశంలో శావేజ్ 110, బ్యారెల్‌ను ఒక నట్టుతో బిగించే ఉపాయంతో, తూటాకూ బోల్టుకూ మధ్య ఉండాల్సిన ఖాళీని సులువుగా, చౌకగా సరిచేసి చూపింది. ఫిన్‌లాండ్ టిక్కా టీ3 మెరుగుల మీద డబ్బు తగ్గించి, బ్యారెల్ మీద మాత్రం తగ్గించలేదు. చవకైనది చెడ్డదేమీ కానక్కర్లేదని అలా తేలింది. ఇషాపూర్‌కు అలా మొహం చిట్లించే కొనుగోలుదారుడు దొరకలేదు. .30-06 స్పోర్టింగ్ రైఫిల్ చేసినా, సాధారణ లైసెన్సుదారుడికి ఇషాపూర్ అంటే ఇప్పటికీ .315యే.

ఇది వేటగాళ్ల గొడవే అయితే ఈ కాలమ్‌లో రాసేవాణ్ని కాను. అమెరికన్ మెరైన్ల ఎం40, అక్కడి సైన్యం ఎం24 స్నైపర్ రైఫిళ్లు రెండూ రెమింగ్టన్ 700 అనే వేట రైఫిల్ నుంచి పుట్టాయి. 2022లో నియంత్రణ రేఖ వద్ద మన స్నైపర్ల చేతికి వచ్చిన టీఆర్‌జీ-42 తయారుచేసింది సాకో. టిక్కా కూడా ఆ ఇంటి పిల్లే. పౌరుల సంతలో దెబ్బలు తిని నేర్చిన పనితనాన్ని ఆ దేశాలు సైన్యానికి అప్పగించాయి. వందేళ్లు దాటిన రైఫిల్ ఫ్యాక్టరీ ఉండి కూడా మనం బోల్ట్ యాక్షన్ స్నైపర్ రైఫిల్‌ను బయట కొన్నాం. బెంగళూరులో ఎస్ఎస్ఎస్ డిఫెన్స్ వంటి ప్రైవేటు సంస్థ ఇప్పుడు ఆ పనికి దిగింది. 2021 అక్టోబరులో, కోల్‌కతా కేంద్రంగా నడిచిన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దుచేసి ఏడు కంపెనీలు చేశాక, ఇషాపూర్ అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి వచ్చింది. బోర్డు మారింది సరే, బల్లమీద ఉన్న తూటా మాత్రం మాన్‌లికర్ నాటిదే.

మేనల్లుడు ఇషాపూర్ దాన్నే తీసుకున్నాడు. లైసెన్సు పుస్తకంలో నంబరు ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. హావ్‌డా దారిలో, మిగిలిన డబ్బుతో టెలిస్కోపు కొననా అని అడిగాడు. ఆ రైఫిల్ మీద దాన్ని బిగించడం తేలిక కాదని చెప్పాను. "ముందు తూటాలు కొనుక్కో నాయనా, ఇనుప సైటుతోనే కాల్చు. ఆర్నెల్ల తర్వాత నీ టార్గెట్ కాగితాలు పట్టుకురా, అప్పుడు చూద్దాం" అన్నాను.