సెకనుకు నాలుగడుగులు

ట్రాఫిక్ లైటు మొదట పుట్టింది బళ్ల కోసం కాదు, నడిచేవాళ్ల కోసం. 1868 డిసెంబరులో లండన్ పార్లమెంటు దగ్గర, గుర్రబ్బళ్ల రద్దీలో జనం రోడ్డు దాటడానికని రైల్వే ఇంజనీరు జె.పి. నైట్ ఓ సిగ్నల్ స్తంభం పెట్టించాడు. పగలు రైలు సిగ్నల్లాంటి చేతులు, రాత్రి గ్యాసు దీపాలు. నెల తిరక్కుండానే అది పేలి, దాన్ని నడిపే పోలీసు గాయపడ్డాడు. 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కరెంటు సిగ్నల్ వెలిగే నాటికి రోడ్డు కార్లది.

నడిచేవాళ్లకు ఎన్ని సెకన్లివ్వాలన్న లెక్క సులువే: రోడ్డు వెడల్పును నడక వేగంతో భాగించాలి. ఎవరి నడక? అమెరికా ఇంజనీర్లు చాలాకాలం సెకనుకు 4 అడుగులు, అంటే 1.2 మీటర్లు, అనుకున్నారు. బ్రిటన్ లెక్కా అదే. తీరా 2012లో వెలువడిన ఓ అధ్యయనం చూస్తే, ఇంగ్లండులో 65 ఏళ్లు దాటిన మగవాళ్ల సగటు వేగం 0.9 మీటర్లు, ఆడవాళ్లది 0.8.

సన్నటి రోడ్డు మీద ఈ తేడా పెద్దగా తెలియదు. కానీ 24 మీటర్ల రోడ్డుకు పాత లెక్క ఇచ్చేది 20 సెకన్లు. ఆలోగా సెకనుకు 0.8 మీటర్లు నడిచే పెద్దావిడ 16 మీటర్లే దాటుతుంది. మిగతా 8 మీటర్లూ, అంటే రెండు వరసలకు పైగా, బళ్లు కదిలే వేళ దాటాలి. అమెరికా 2009లో తన లెక్కను 3.5 అడుగులకు దించింది.

పోనీ అందరికీ ఇంకో పది సెకన్లు కలిపితే? సిగ్నల్ చక్రం మొత్తం సాగుతుంది, నడిచేవాళ్లే ఇంకాసేపు నిలబడాలి. విసుగొచ్చి ఎర్రలైటులోనే దిగిపోతారు. ఈ సంగతి మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

అందుకే అవసరమైనవాళ్లకే అదనంగా ఇచ్చే యంత్రాలొచ్చాయి. సింగపూర్‌లో 2009 నుంచి వృద్ధులు స్తంభానికి కార్డు తాకిస్తే పచ్చలైటు మరికొన్ని సెకన్లు సాగుతుంది. బ్రిటన్‌లోని పఫిన్ క్రాసింగ్ కార్డు కూడా అడగదు, నాకదే నచ్చింది. పైనున్న సెన్సర్లు దాటేవాళ్లను గమనిస్తూ, వాళ్లు అవతలికి చేరేదాకా, ఓ హద్దు వరకు, బళ్లను ఆపి ఉంచుతాయి. బటన్ నొక్కినాయన మనసు మార్చుకుని వెళ్లిపోతే ఆ పిలుపును రద్దు చేస్తాయి. బళ్లు ఊరికే ఆగవు.