తలలో బాంబు ఉందనుకున్నా!

రెండేళ్ల కిందట బైక్ మీంచి పడ్డాను. హెల్మెట్ ఉంది కాబట్టి మోచేయి గీసుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. అయినా అమ్మ ఊరుకుంటుందా? పోరుపెట్టి స్కాన్ తీయించింది. దెబ్బ ఏమీ లేదుగానీ, డాక్టర్ తెరవైపు చూస్తూ, ‘ఇది పుట్టుకతోనే ఉండొచ్చు’ అన్నారు. తర్వాత ఎంఆర్ఐ, ఆపైన తొడ దగ్గర్నుంచి సన్నని గొట్టం పంపి యాంజియోగ్రామ్. తేలిందేమిటంటే.. ఏవీఎం.

మామూలుగా ధమనుల్లో వేగంగా వచ్చే రక్తం కేశనాళికల్లో నెమ్మదించి సిరల్లోకి వెళ్తుంది. నా మెదడులో ఒకచోట ఆ కేశనాళికలే లేవు. ధమనులూ సిరలూ నేరుగా, చిక్కుపడ్డ ఇయర్‌ఫోన్ వైర్లలా కలిసిపోయాయి. అది మాట్లాడే శక్తిని చూసే భాగానికి ఆనుకుని ఉంది. కోస్తే మాట పోవచ్చు. రేడియేషన్‌తో మూసుకుపోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది, దానికీ రిస్కులున్నాయి. ‘ఇప్పటికి ముట్టుకోవద్దు, ఏటా చూద్దాం’ అన్నారు. నాలుగు నిమిషాల్లో బయటికొచ్చేశాం.

జబ్బు ఉందని చెప్పి, మందూ మాకూ లేకుండా పంపేస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి నుంచి ఫోనే నా డాక్టర్. తెల్లవారుజామున మూడింటికి కూడా వెతుకుతూనే ఉండేవాణ్ని. పగలని ఏవీఎం చిట్లే అవకాశం ఏడాదికి నూటికి ఒకటి రెండు అని చదివితే, మిగతా తొంభై ఎనిమిది కనపడేవి కావు. తుమ్మొస్తే భయం. క్రికెట్ మానేశా. గట్టిగా నవ్వడమూ మానేశా, నిజం! అమ్మైతే గ్యాస్ బండ దగ్గరికి వెళ్తేనే ‘నువ్వు ఎత్తకురా నాన్నా’ అని పరిగెత్తుకొచ్చేది. ఆఫీసులో చెబితే, ‘చూడ్డానికి బానే ఉన్నావుగా బ్రో’ అన్నారు. కట్టు కట్టి ఉంటే నమ్మేవాళ్లేమో!

ఒకరోజు మీటింగ్‌లో గుండె దడదడలాడి, చేతులు చల్లబడి కింద కూర్చుండిపోయాను. చిట్లిందనే అనుకున్నా. స్కాన్‌లో ఏ మార్పూ లేదు. అది పానిక్ అటాక్. అప్పుడు వెళ్లాను సైకాలజిస్టు దగ్గరికి. ఆవిడ ‘భయపడొద్దు’ అనలేదు, అదే నచ్చింది. ‘రోజూ సాయంత్రం ఆరింటికి ఇరవై నిమిషాలు భయపడండి, కాగితం మీద రాయండి. మిగతా సమయంలో భయం వస్తే ఆరింటికి రమ్మనండి’ అన్నారు. మొదట నవ్వొచ్చింది. రెండు వారాలకు నిద్ర పట్టింది. డాక్టర్‌ని అడగాల్సినవన్నీ ఫోన్‌లో రాసుకుని వెళ్లమన్నదీ ఆవిడే.

ఈసారి డాక్టర్ అరగంట మాట్లాడారు. ఆడుకోవచ్చు, నవ్వొచ్చు. బీపీ పెరగనివ్వకూడదు, సిగరెట్ పూర్తిగా మానేయాలి, అడక్కుండా ఆస్పిరిన్ లాంటివి వేసుకోకూడదు. ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా, ఫిట్స్ వచ్చినా, మాట ముద్దగా అయినా, చేయీ కాలూ లాగేసినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ‘ముట్టుకోవద్దు’ అంటే వదిలేయడం కాదనీ అప్పుడే అర్థమైంది. 226 మందితో చేసిన ‘అరూబా’ అధ్యయనం 2014లో లాన్సెట్‌లో వచ్చింది. పగలని ఏవీఎంకి చికిత్స చేయించుకున్నవాళ్లకంటే మందులతో సరిపెట్టుకున్నవాళ్లకే స్ట్రోక్, మరణం తక్కువగా కనిపించాయట. గమనించింది సగటున మూడేళ్లలోపే కాబట్టి, జీవితకాలానికి అది చాలదనే డాక్టర్లూ ఉన్నారు. నాకు 27 ఏళ్లు. ఆ వాదన నాకూ సబబే అనిపిస్తుంది. అందుకే ఏటా మళ్లీ అడుగుతాను.

అర్ధరాత్రి మనసు మరీ బరువెక్కితే మాట్లాడటానికి టెలీ మానస్ ఉంది, 14416. తెలుగులోనే మాట్లాడతారు. నేను రెండుసార్లు చేశాను, సిగ్గేం లేదు.

అసలు గొడవ పెళ్లిచూపుల దగ్గర వచ్చింది. ‘చెప్పొద్దురా, పైకి కనపడేదా పెట్టేదా’ అంది అమ్మ. నేను చెప్పేశాను. మొదటి సంబంధం మర్నాటికే వెనక్కి పోయింది. వారం రోజులు అమ్మ నాతో మాట్లాడలేదు. రెండో అమ్మాయి అంతా విని, ‘నెక్స్ట్ స్కాన్ ఎప్పుడు?’ అని అడిగింది.

వచ్చే నెలలో. తనూ వస్తానంటోంది. ఆదివారం మళ్లీ క్రికెట్ ఆడుతున్నా. గ్యాస్ బండ మాత్రం అమ్మ ఇంకా ముట్టుకోనివ్వట్లేదు.