పసిబిడ్డ గోప్యత, పత్రికల బాధ్యత

ప్రతిఫలం తీసుకొని వేరొకరి కోసం బిడ్డను మోసి కనే ఒప్పందాన్ని వాణిజ్య సరోగసీ అంటారు. 2014లో థాయ్‌లాండ్ మహిళ ఒకరు ఇలా కన్న కవలల్లో డౌన్ సిండ్రోమ్ ఉన్న మగబిడ్డను ఆస్ట్రేలియా దంపతులు వదిలేసి, ఆడబిడ్డను మాత్రమే తీసుకువెళ్లారని ప్రపంచ మీడియా ఆ పసివాడి ఫొటోలతో సహా ప్రచారం చేసింది. ఈ కథనాలు రేపిన కలకలంతో థాయ్‌లాండ్ 2015లో విదేశీయులకు సరోగసీని నిషేధించింది. అయితే ఆ దంపతులు బిడ్డను వదిలేయలేదని 2016లో పశ్చిమ ఆస్ట్రేలియా కుటుంబ న్యాయస్థానం తేల్చేనాటికి తొలి ఆరోపణే జనం మనసుల్లో నాటుకుపోయింది.

అక్రమాలను వెలికితీయడం పత్రికల ధర్మమే. అయినా 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 16వ అధికరణం ప్రతి బిడ్డకూ గోప్యత హక్కునిచ్చింది కనుక, పేరూ ముఖమూ చూపకుండానే, ఇరుపక్షాల వాదన విన్నాకే వార్త రాయడం పత్రికల కనీస బాధ్యత.